డేగ ఏం తినాలి?

ఎనిమిదో తరగతిలో నేను డేగ వేషం వేశాను. స్కూలు వార్షికోత్సవానికి శిబి చక్రవర్తి నాటిక. శిబి వేషం కట్టినవాడికి రెండు పేజీల డైలాగులు, పావురానికి ఒక ఏడుపు పాట, నాకు నాలుగంటే నాలుగు వాక్యాలు. అట్టముక్కతో చేసిన ముక్కు, అమ్మ పాత చీరతో కుట్టిన రెక్కలు. "రాజా, అది నా ఆహారం, ఇచ్చెయ్యి" అని గట్టిగా అరవాలి, అంతే. ముందు వరసలో కూర్చున్న చిన్నపిల్లలు నన్ను "హుష్, హుష్" అని తోలారు. నాటిక బాగా వచ్చిందన్నారు అందరూ. డేగకి నిజంగా ఆకలేస్తోందా అని ఎవరూ అడగలేదు. నాకూ తోచలేదు.

ఇరవై ఏళ్ల తర్వాత ఆ ప్రశ్న పిల్లి రూపంలో మా ఇంటికొచ్చింది.

2021లో, రెండో లాక్‌డౌన్ రోజుల్లో, ఘట్‌కేసర్‌లో మా అద్దింటి మెట్ల కింద, బైకు మీద కప్పిన కవర్లో ఒక పిల్లికూన దొరికింది. బుజ్జి అని పేరు పెట్టాను. కింద ఉండే ఓనర్ ఆంటీ పెట్టిన షరతు ఒకటే: ఇంట్లో నీసు వండకూడదు. నాకది షరతులా అనిపించలేదు. ఇంజనీరింగ్ రెండో ఏడాదిలోనే మాంసం మానేసినవాణ్ణి. ఇంకో ప్రాణిని చంపకుండా బతకగలిగినప్పుడు చంపడం ఎందుకన్నది అప్పటి నా వాదన, ఇప్పటికీ అదే. కాబట్టి బుజ్జికీ పాలన్నం, పెరుగన్నం. వీధి కుక్కల భయంతో బయటికి వదిలేవాణ్ణి కాదు. గోడ మీది బల్లిని పట్టుకుంటే నోట్లోంచి లాగేసి కిటికీలోంచి వదిలేసేవాణ్ణి. "మా పిల్లి ప్యూర్ వెజ్" అని ఫ్రెండ్స్‌కి గొప్పగా చెప్పుకున్న రోజులున్నాయి.

పది నెలలు గడిచాయి. ఒకరోజు బుజ్జి కిటికీ గట్టు మీదికి ఎగరబోయి, అంచు అందక కింద పడింది. మర్నాడు మళ్లీ. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా కంటిపాపలు పెద్దవిగా, గుండ్రంగా ఉండిపోవడం అప్పుడు గమనించాను. ఉప్పల్ వైపు ఒక పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే, ఆయన కళ్లలోకి లైటు వేసి చూసి అడిగిన మొదటి ప్రశ్న, "ఏం పెడుతున్నారు బాబూ?"

చెప్పాను. ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

పిల్లికి టౌరిన్ అనే పదార్థం కావాలి. మన శరీరం దాన్ని తయారు చేసుకోగలదు, కుక్క శరీరమూ చాలావరకు చేసుకోగలదు. పిల్లి శరీరం చేసుకునేది బొటాబొటీ కూడా కాదు. కొవ్వు అరగడానికి కావలసిన పైత్యరసానికి దాన్ని ఖర్చు చేస్తూనే ఉంటుంది కాబట్టి ఎప్పటికప్పుడు తిండిలోంచి రావాలి. అది ఉండేది మాంసంలో, చేపలో. అన్నంలో లేదు, పాలలో ఉన్నది ఏ మూలకీ చాలదు. క్యారెట్‌లోని పసుపు రంగు పదార్థాన్ని విటమిన్ ఏగా మార్చుకునే శక్తి కూడా పిల్లికి లేదు. 1975లో సైన్స్ పత్రికలో అచ్చయిన ఒక పరిశోధనలో, ప్రొటీన్ కోసం కేవలం పాలలోని కేసీన్ పెట్టి పెంచిన పిల్లుల కంటి రెటీనాలు పాడయ్యాయి. 1987లో అదే పత్రికలో, టౌరిన్ లోపంతో పిల్లుల గుండె కండరం బలహీనపడుతుందని తేల్చారు. టౌరిన్ ఇస్తే గుండె చాలావరకు కోలుకుంటుంది. పోయిన రెటీనా తిరిగి రాదు. పాలు పోసి నేను చేసింది సరిగ్గా ఆ 1975 ప్రయోగమే. వాళ్లకి తెలిసి చేశారు, నాకు దయ అనిపించి చేశాను.

ఆ రాత్రి శిబి కథ తీశాను. ఈసారి డేగ మాటల కోసం.

*

మనకు శిబి ఒక పద్యంలో పాదంలాగా, దానగుణానికి ఒక ఉదాహరణలాగా తెలుసు. కథ మాత్రం నాటికలో ఉన్నంత చిన్నది కాదు. సంస్కృత భారతం అరణ్యపర్వంలోనే రెండుసార్లు వస్తుంది. తీర్థయాత్రలో ధర్మరాజుకి లోమశ మహర్షి చెప్పినచోట రాజు పేరు ఉశీనరుడు. తర్వాత మార్కండేయుడు చెప్పినచోట ఉశీనరుడి కొడుకు శిబి. అనుశాసనికంలో ఇంకోసారి, ఇంకో రాజు పేరుతో. ఒకే కథని ఇన్నిసార్లు చెప్పుకున్నారంటే, అది తెగిన లెక్క కాదనే నాకనిపిస్తుంది.

లోమశుడు చెప్పిన కథలో డేగ వాదం చూడండి. అది అరవదు. తర్కిస్తుంది. ప్రాణులన్నీ ఆహారం వల్లే పుడతాయి, ఆహారం వల్లే బతుకుతాయి. ఎంత ప్రియమైనదాన్ని వదులుకున్నా కొన్నాళ్లు బతకొచ్చు గానీ, తిండి వదులుకుని బతకలేం. నేను చస్తే నా పెళ్లాం పిల్లలు చస్తారు. ఒక్క పావురాన్ని కాపాడి ఇన్ని ప్రాణాలు తీస్తున్నావు. ఇంకో ధర్మాన్ని దెబ్బకొట్టే ధర్మం ధర్మం కాదు. దేనితోనూ విరోధం లేనిదే ధర్మం. రెండు ధర్మాలు ఢీకొన్నప్పుడు ఏది బరువైనదో, ఏది తేలికైనదో తూచి చూసుకో. సారాంశం ఇది.

కథ చివర్లో వచ్చే త్రాసు మనందరికీ గుర్తుంటుంది. కానీ తూచమన్న మాట మొదట అన్నది డేగ. రాజు తొడకోసి త్రాసులో వెయ్యకముందే, ధర్మాన్ని త్రాసులో వెయ్యమని అడిగింది. మా నాటికలో ఈ భాగమంతా కత్తిరించేశారు. కత్తిరించకపోతే, ముందు వరస పిల్లలు నన్ను తోలేవాళ్లు కాదేమో.

రాజు ఏమంటాడు? నువ్వు చెప్పింది బాగానే ఉంది, ధర్మం తెలిసినదానిలాగే మాట్లాడుతున్నావు, కానీ శరణన్నవాణ్ణి వదిలిపెట్టడం మంచిదని ఎలా అంటావు అంటాడు. తర్వాత ఒక ప్రత్యామ్నాయం చూపిస్తాడు. నీకు కావలసింది తిండే కదా, ఎద్దును ఇస్తాను, పందిని ఇస్తాను, జింకను, దున్నపోతును, ఏది కావాలంటే అది ఇప్పిస్తానంటాడు. మార్కండేయుడి కథలోనైతే ఎద్దును అన్నంతో కలిపి వండించి పంపిస్తానంటాడు.

నేను ఇక్కడ పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. కరుణకి మారుపేరుగా మనం చెప్పుకునే రాజు, ఒక పావురాన్ని కాపాడటానికి ఒక ఎద్దును బేరానికి పెడుతున్నాడు. ఆ ఎద్దు సభలో లేదు. రాజు ఒళ్లో పడి వణకలేదు. శరణు అనలేదు. అందుకని దాని ప్రాణం లెక్కలోకి రాలేదు. నేను కాపాడింది కూడా నా కళ్లముందు గిలగిలలాడిన బల్లినే. ఆ బల్లి ఖరీదు కట్టింది బుజ్జి కళ్లు.

దీన్ని రాజు కపటం అని నేననను. శరణాగత రక్షణ అనేది ఒక వ్యక్తికీ ఇంకో వ్యక్తికీ మధ్య ఏర్పడే బాధ్యత. అహింస అనేది ప్రాణులన్నిటికీ వర్తించే సూత్రం. కథ మొదటిదాని గురించి. మనం దాన్ని రెండోదానికి ఉదాహరణగా పిల్లలకి చెప్తున్నాం. ఈ తేడాని పట్టిచ్చేది డేగే. ఎద్దులు, పందులు నాకెందుకు, డేగలు పావురాలను తింటాయి, అది ఎప్పటినుంచో ఉన్న కట్టడి అంటుంది. నా పావురాన్ని నాకు ఇచ్చెయ్యి, లేదా నీకు దాని మీద అంత ప్రేమ ఉంటే నీ మాంసం తూచి ఇవ్వు అంటుంది. బిల్లు ఎవరో కట్టడం కుదరదు, నువ్వే కట్టు అంటోందన్నమాట. నాకు తెలిసినంతలో మాంసాహార జంతువు తరఫున మన సాహిత్యంలో ఇంత సూటిగా నిలబడిన వాదం ఇంకోటి లేదు.

ఇక్కడ డేగ కూడా కొంచెం ఎక్కువే చెప్పింది. నిజం డేగ పావురాన్నే తినాలని లేదు. ఎలుకైనా, తొండైనా తింటుంది. దానికి తప్పనిది మాంసం, ఫలానా పావురం కాదు. కానీ ఏ ఎలుకను అడిగినా "నన్నే ఎందుకు" అనే అంటుంది కదా. ఫలానా ప్రాణి తప్పించుకోవచ్చు, ఏదో ఒక ప్రాణి తప్పించుకోలేదు. ఈ ముడి రాజు విప్పలేడు. అందుకే త్రాసు ఎక్కాడు.

మరి కథ ఎలా ముగిసింది? డేగ ఇంద్రుడు, పావురం అగ్ని. పరీక్షించడానికి వచ్చారు. సంతోషించి కీర్తిని వరమిచ్చి వెళ్లిపోయారు. చిన్నప్పుడు నాకు చాలా నచ్చిన ముగింపు ఇది. ఇప్పుడు చూస్తే పెద్ద నిరాశ. అంటే ఆకలి లేదన్నమాట! గూట్లో పెళ్లాం పిల్లలు లేరన్నమాట. అంత బలమైన వాదం చేసినవాడు వేషగాడని తేలేసరికి, ఆ వాదానికి జవాబు చెప్పాల్సిన పని కూడా పోయింది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, టెస్ట్ పాసయింది గానీ టెస్ట్ డేటా నిజమైనది కాదు.

*

ఒకసారి ఇది కంటపడ్డాక, మన కథల్లో మాంసాహారుల్ని వరసగా వెతకడం మొదలుపెట్టాను. దాదాపు అన్నీ రెండు మూసల్లో పడ్డాయి.

మొదటి మూసలో క్రూరజంతువు మనసు మారుతుంది. దీనికి మనకున్న గొప్ప ఉదాహరణ 15వ శతాబ్దపు అనంతామాత్యుడి భోజరాజీయంలోని గోవ్యాఘ్ర సంవాదం. పులికి చిక్కిన ఆవు, బిడ్డకి పాలిచ్చి తిరిగొస్తానని ఒప్పించి వెళ్లి, దూడకి బుద్ధులు చెప్పి, మాట ప్రకారం వచ్చి నిలబడుతుంది. పులి తినలేకపోతుంది. ఆవు సత్యవాక్యం గురించీ, దూడకి చెప్పిన బుద్ధుల గురించీ మన తెలుగు మాస్టార్లు ఎంతైనా చెప్తారు. ఆ పూట పులి ఏం తిన్నది అనే ప్రశ్న ఏ పరీక్షలోనూ రాలేదు. కన్నడంలో ఇదే కథ గోవిన హాడు అనే పాట. అక్కడ ఆవు పేరు పుణ్యకోటి. ఆ పాట కట్టినవాళ్లు మాత్రం దాటెయ్యలేదు. ఆవును తినలేకపోయిన పులి కొండ మీంచి దూకి చనిపోతుంది. చిన్న పిల్లలకి నేర్పే పాటలో ఎంత భయంకరమైన నిజాయితీ! పులి పులిగా మంచిది కాలేదు. మంచిదవ్వాలంటే చావాలి. మన "పులి ఆకలేసినా గడ్డి తినదు" సామెతని మనం పౌరుషానికి వాడుకుంటాం. అది పౌరుషం కాదు, దాని పేగు నిర్మాణం.

హర్షుడి నాగానందం కూడా ఇదే మూస. వేదం వేంకటరాయశాస్త్రిగారు దీన్ని తెలుగు చేశారు. రోజుకో పామును తినే గరుత్మంతుడికి జీమూతవాహనుడు తన శరీరాన్ని అప్పగిస్తాడు. గరుడుడు పశ్చాత్తాపపడి ఇక పాముల్ని చంపనని మాటిచ్చి, అమృతం కురిపించి చచ్చినవాటిని బతికిస్తాడు. మరి ఆ మర్నాటి నుంచి గరుడుడి భోజనం? నాటకం అక్కడితో అయిపోయింది.

రెండో మూస నీతికథలది. చిన్నయసూరి నీతిచంద్రికలో మిత్రలాభం చదివినవాళ్లందరికీ బంగారు కంకణం చేతబట్టి దర్భలతో కూర్చున్న ముసలి పులి గుర్తుంటుంది. చాంద్రాయణ వ్రతం చేస్తున్నాను, మాంసం ముట్టను అని గుడ్డి గద్దని నమ్మించి, చెట్టు తొర్రలో చేరి పక్షికూనల్ని తినేసిన దీర్ఘకర్ణమనే పిల్లి కూడా గుర్తుండాలి. ఇక్కడ మాంసం మానేశానన్న జంతువు దొంగ. పురాణంలో మహాత్ముడైనవాడే నీతికథలో మోసగాడు. మొదటి మూస మారమంటుంది, రెండోది మారానంటే నమ్మొద్దంటుంది. మారలేనిది, మోసం చెయ్యనిది, ఊరికే ఆకలేసినది ఒక జంతువు ఉండొచ్చని రెండూ ఒప్పుకోవు. "పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం" అన్నాం గానీ, పిల్లికీ అది ప్రాణసంకటమేనని అనలేదు.

ఈ రెండు మూసలకీ అవతల నాకు దొరికింది ఒక్క కథ. అది బౌద్ధులది. ఆర్యశూరుడి జాతకమాలలో మొట్టమొదటిది, వ్యాఘ్రీ జాతకం. అప్పుడే ఈనిన ఆడపులి, ఆకలికి తాళలేక తన కూనల్నే తినబోతూ ఉంటుంది. బోధిసత్వుడు శిష్యుణ్ణి ఆహారం వెతకమని పంపి, అతను వచ్చేలోగా తనే కొండ మీంచి దాని ముందుకు దూకేస్తాడు. ఈ పులి ఏ దేవుడూ కాదు. మాట్లాడదు, వాదించదు, పశ్చాత్తాపపడదు. తింటుంది. తిన్న తర్వాతా పులిగానే ఉంటుంది. కన్నడ పాటలో పులి దూకింది, ఇక్కడ మనిషి దూకాడు. నాకైతే ఈ రెండు దూకుళ్ల మధ్యే ఈ సమస్యంతా ఉందనిపిస్తుంది: మాంసాహారి పోవాలా, మనం ఏమైనా పోగొట్టుకోవాలా?

శిబి కథ కూడా బౌద్ధులకి ఇష్టమైనదే. మన నాగార్జునకొండ శిల్పాల్లో ఉంది, అజంతా మొదటి గుహ గోడ మీదా ఉంది. విచిత్రమేమిటంటే పాళీ జాతక కథల్లోని శివి రాజు దానం చేసింది తొడ మాంసం కాదు, కళ్లు. గుడ్డి బ్రాహ్మణుడికి రెండు కళ్లూ పీకి ఇచ్చేస్తాడు. అది చదివినప్పుడు బుజ్జి నా ఒళ్లోనే ఉంది. నేను పుస్తకం పక్కన పెట్టేశాను.

*

ఇదంతా పాతకథల గొడవ అనుకోకండి. జంతువుల హక్కుల గురించి ఆధునికంగా రాసినవాళ్లూ ఈ డేగ ముందుకొచ్చి ఆగినవాళ్లే. 1983లో టామ్ రీగన్, తోడేలు గొర్రెను చంపితే హక్కుల ఉల్లంఘన కాదన్నాడు. తోడేలుకి మంచీచెడూ తెలిసి ఎంచుకునే శక్తి లేదు కాబట్టి దాని మీద బాధ్యత లేదు. సరే, కానీ గొర్రెకి నొప్పి ఒకటే కదా. 2010లో జెఫ్ మెక్‌మహన్ ఇంకో చివరికి వెళ్లాడు. వేరే అనర్థం జరక్కుండా వేటాడే జాతుల్ని మెల్లగా లేకుండా చెయ్యగలిగితే, అలా చెయ్యడానికి కారణం ఉందన్నాడు. పుణ్యకోటి పాటలో పులి తనంతట తాను చేసిన పని, ఇక్కడ మనం దాని బదులు చేస్తామన్నమాట. 2011లో జూపొలిస్ అనే పుస్తకం రాసిన డొనాల్డ్‌సన్, కిమ్లికా దంపతులు పెంపుడు పిల్లి తిండి గురించి విడిగా చర్చించారు. ఇంట్లోకి తెచ్చుకుని మన సమాజంలో భాగం చేసుకున్న జంతువు కోసం ఇంకో జంతువును చంపొచ్చా అని. నాకు వీళ్లు దగ్గరగా అనిపించారు. అడవిలో డేగ సంగతి వేరు, నేను తలుపేసి పెంచుకున్న పిల్లి సంగతి వేరు. బల్లిని లాగేసే అధికారం తీసుకున్నవాడికి, గిన్నె నింపే బాధ్యతా ఉంటుంది.

మన దగ్గర ఈ ప్రశ్న తత్వశాస్త్రంగా కాకుండా వార్తగా వస్తుంది. 2017లో ఉత్తరప్రదేశ్‌లో కబేళాల మీద దాడులు మొదలయ్యాక గేదె మాంసం కరువై, జూలలో సింహాలకి కోడి, మేక మాంసం పెట్టాల్సొచ్చింది. 2020 అక్టోబరులో గువాహటి జూ దగ్గర, పులులకి గొడ్డుమాంసం పెట్టొద్దని నిరసనకారులు మాంసం బండ్లను ఆపేశారు. మరేం పెట్టాలంటే, జూలో కణుజులు ఎక్కువయ్యాయి కదా, వాటి మాంసం పెట్టొచ్చన్నారు. ఆ వార్త నేను అప్పుడు నవ్వుకుంటూ చదివాను. శిబి కథ మళ్లీ చదివాక నవ్వు రాలేదు. సభలో ఉన్న పావురం కోసం సభలో లేని జింకను బేరం పెట్టడం, పేర్లు మారిన అదే సీను. ఏ మాంసం అన్న తగువులో, ఎంత మాంసం, ఎలాంటి మాంసం పులికి కావాలన్నది చివరి ప్రశ్న అయిపోయింది.

మన తెలంగాణలోనే గోవ్యాఘ్ర సంవాదం ఇప్పటికీ నడుస్తోంది, సంవాదం లేకుండా. అడవిలో ఒక పులి ఏడాది బతకాలంటే జింకలాంటివి సుమారు 50 కావాలని వన్యప్రాణి శాస్త్రవేత్తల అంచనా. అడవిలో అవి తగ్గితే పశువుల మీద పడుతుంది. మేపుకునేవాడికి ఆవంటే పుణ్యకోటి కాదు, ఏడాది బతుకు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవుల్లో రెండు పులులు చనిపోయాయి. పులి చంపిన పశువు కళేబరానికి విషం పెట్టారన్న కేసులో అరెస్టులు జరిగాయి. ఆవు మాట ఇచ్చి తిరిగి రావడం కథ. ఆవు శవంలో విషం తిరిగి రావడం వార్త. రెంటిలోనూ పులి ఆకలికి పరిష్కారం లేదు.

ఇంకోటి ఉంది, అది ఎవరూ కోపంతో చేసింది కాదు. పశువుల నొప్పికి వాడిన డైక్లోఫెనాక్ మందు, చచ్చిన పశువు మాంసంలోంచి రాబందుల ఒంట్లోకి వెళ్లి మూత్రపిండాలు పాడుచేసింది. 2006లో పశువులకి ఆ మందు వాడటం నిషేధించేనాటికే వాటిలో నూటికి తొంభైకి పైగా పోయాయి. పశువు మీద దయతో వేసిన సూది అది. నా పాలగిన్నె లాంటిదే. జటాయువుకి చేతులెత్తి మొక్కే దేశంలో జటాయువు తిండి ఏమిటో చూసుకోకుండానే ఇదంతా జరిగిపోయింది.

*

ఇక్కడ ఒక అనుమానం రావాలి, వచ్చే ఉంటుంది. డేగ వాదం ఇంత బాగుంటే, మనమూ మాంసం తినడానికి అదే వాదం సరిపోదా? సరిపోదనే నా అభిప్రాయం. డేగ చెప్పింది "నాకిష్టం" అని కాదు, "ఇది లేకపోతే చస్తాను" అని. నాకు పప్పుంది, పాలున్నాయి, చుట్టూ దుకాణాలున్నాయి. నేను డేగ మాట అప్పు తెచ్చుకోకూడదు. అలాగని దాన్ని మాంసం తినే ప్రతి మనిషి మీదా కర్రలా కూడా వాడను. మన ఊళ్లలో తిండి ఎప్పుడూ తిండి మాత్రమే కాదు. ఎవరికి ఇల్లు అద్దెకిస్తారు, ఎవరి గిన్నె ఎక్కడ పెడతారు అన్న లెక్కలన్నీ అందులో ఉన్నాయి. నిజం చెప్పాలంటే, బుజ్జికి నేను పెట్టిన పెరుగన్నంలో దయ ఎంత, మడి ఎంత అని తర్వాత చాలాసార్లు అడుగుకున్నాను. ఒక ప్రాణి చావకూడదు అనుకోవడం వేరు, నా గడప లోపల చావు వాసన రాకూడదు అనుకోవడం వేరు. చాలా రోజులు నేను రెండోదాన్ని మొదటి పేరుతో పిలిచాను.

ఈ రోజుల్లో టౌరిన్‌ని ఫ్యాక్టరీలో తయారు చేస్తున్నారు. దుకాణంలో దొరికే పిల్లి తిండిలో చాలావాటికి కలిపేది అదే. మాంసం లేకుండా, కావలసినవన్నీ విడిగా కలిపిన పిల్లి తిండి కూడా కొన్ని దేశాల్లో అమ్ముతున్నారు. అది ఒక జీవితకాలం పిల్లిని ఆరోగ్యంగా ఉంచుతుందని నమ్మకంగా తేలిన రోజు, డేగ చెప్పిన "ఎప్పటినుంచో ఉన్న కట్టడి"లో ఒక ముడి సడలుతుంది. ఆ రోజు రావాలనే నా కోరిక. కానీ నా కోరిక పరీక్షించుకోవడానికి బుజ్జి ఒళ్లు వాడను. ఒకసారి వాడాను.

ఓనర్ ఆంటీకి అంతా చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "కళ్లు మళ్లీ రావా?" అని అడిగారు. రావన్నాను. "ఇంట్లో వద్దు గానీ, డాబా మీద పెట్టుకో నాయనా. గిన్నె వేరే ఉంచు" అన్నారు. ఆదివారం చికెన్ షాపుకెళ్లి కార్జాలు, గుండెకాయలు తీసుకుంటాను, డాక్టరుగారు చెప్పిన లెక్క ప్రకారం మిగతా తిండితో కలిపి పెడతాను. షాపు ముందు జాలీల్లో కోళ్లు ఉంటాయి. వాటి వంక చూడకుండా డబ్బులిచ్చి వచ్చెయ్యడం మొదట్లో చేసేవాణ్ణి. ఇప్పుడు చూస్తాను. నా తొడ కోసివ్వలేను. సభలో లేని ఎద్దును చూపించిన రాజు పనే చేస్తున్నాను, కనీసం అది ఏ ఎద్దో చూడాలి కదా. ఇది సరైన జవాబని నేననుకోవడం లేదు. పది నెలలు ఇచ్చిన జవాబుకంటే తక్కువ తప్పు, అంతే.

బుజ్జి గుండె బాగానే ఉంది. చూపు కొంచెమే మిగిలింది. డాబా మెట్లు లెక్కపెట్టుకున్నట్టు ఎక్కుతుంది, కిటికీ గట్టు జోలికి మాత్రం వెళ్లదు.

మా అన్నయ్య కూతురు ఐదో తరగతి. ఈ ఏడాది వాళ్ల స్కూల్లో శిబి నాటిక వేస్తున్నారు, దానికి డేగ వేషం వచ్చింది. డైలాగులు చూపించమన్నాను. మళ్లీ నాలుగే వాక్యాలు. నేను కూర్చుని ఇంకో పది వాక్యాలు రాసిచ్చాను, గూట్లో పిల్లల గురించీ, తూచి చూసుకోమన్న మాటా, ఎద్దు సంగతీ. "బాబాయ్, ఇంత పెద్దదా? డేగ చెడ్డది కదా?" అంది. ముందు చదివి చూడు, తర్వాత నువ్వే చెప్పు అన్నాను. వాళ్ల టీచర్‌గారు ఒప్పుకున్నారో లేదో ఇంకా తెలీదు.